ఇల్లు అమ్మేవారి వెల్లడి బాధ్యత

ఇల్లు, ఫ్లాటు లేదా ఇంటి స్థలం అమ్మేవారు ఆ ఆస్తిలోని లోపాలను, దాని మీద తమకున్న హక్కులోని లొసుగులను కొనేవారికి ముందే చెప్పి తీరాలన్న చట్టపరమైన విధిని వెల్లడి బాధ్యత అంటారు. భారతదేశంలో ఈ విధికి మూలం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం, 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం (రెరా) దీనికి తోడవుతాయి.

చట్టం అమ్మేవారిని నోరు విప్పమంటుంది గానీ, ఏయే సంగతులు చెప్పాలో, ఏ కాగితం మీద చెప్పాలో నిర్దేశించదు. అందువల్ల ఆచరణలో కొనేవారు అడిగే ప్రశ్నలే ఈ బాధ్యతకు ప్రాణం పోస్తాయి. చట్టం నేల మీద ఎలా నడుస్తుందో చూపడానికి ఈ వ్యాసం హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, తార్నాక, హబ్సిగూడ పరిసరాలను ఉదాహరణగా తీసుకుంటుంది.

చట్టంలో ఏముంది

55వ సెక్షను అమ్మేవారి మీద పెట్టిన మొదటి విధే వెల్లడి. ఆస్తిలో గానీ హక్కులో గానీ ఉన్న ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉండాలి, కొనేవారికి తెలియకుండా ఉండాలి, మామూలు జాగ్రత్త తీసుకున్నా కొనేవారు కనిపెట్టలేనిదై ఉండాలి. ఈ మూడూ కలిసినప్పుడు చెప్పడం తప్పనిసరి. చెప్పకపోతే ఆ లోపాన్ని దాచడం మోసం కిందికే వస్తుందని అదే సెక్షను చివరి పేరా స్పష్టం చేస్తుంది.

దీని వెంటే మరో రెండు విధులున్నాయి. కొనేవారు అడిగినప్పుడు తన చేతిలో గానీ అధీనంలో గానీ ఉన్న హక్కు పత్రాలన్నీ పరిశీలనకు ఇవ్వాలి. ఆస్తి గురించి, హక్కు గురించి కొనేవారు వేసే సంబంధిత ప్రశ్నలన్నిటికీ తనకు తెలిసినంతవరకు జవాబు చెప్పాలి. చాలామంది ఈ రెండో విధిని పట్టించుకోరు. నిజానికి కొనేవారి చేతిలో ఇంతకంటే పదునైన ఆయుధం లేదు. అడగని సంగతి మీద మౌనం వహించినవారు ‘అది ముఖ్యమైన లోపమని నాకు తోచలేదు’ అనవచ్చు. అడిగిన ప్రశ్నకు తప్పు జవాబు చెప్పినవారికి ఆ మాట అనే వీలుండదు.

అమ్మకం తేదీ వరకు పడిన పన్నులు, ప్రభుత్వ బాకీలు కట్టడం, బాకీలతో సహా అమ్ముతున్నామని ఒప్పుకోనిపక్షంలో తాకట్లు విడిపించడం కూడా అమ్మేవారి పనే. తాను అమ్ముతున్నానంటున్న హక్కు తనకు ఉన్నదని, దాన్ని బదిలీ చేసే అధికారం తనదేనని అమ్మేవారు హామీ ఇచ్చినట్టే చట్టం భావిస్తుంది. దస్తావేజులో ఆ మాట రాయకపోయినా ఈ హామీ వర్తిస్తుంది.

బాధ్యత ఒకవైపే లేదు. అమ్మేవారి హక్కు విలువను బాగా పెంచే ఒక సంగతి కొనేవారికి తెలిసి, అమ్మేవారికి తెలియకపోతే, దాన్ని కొనేవారూ చెప్పాల్సిందే. దాస్తే అదీ మోసమే.

ఈ నియమాలన్నీ ఇరుపక్షాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు వర్తిస్తాయి. వేలంపాటల్లో, కొన్ని ప్రైవేటు అగ్రిమెంట్లలో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న షరతు కనిపించేది ఇందుకే. ఆ షరతు కొంత భారాన్ని కొనేవారి మీదికి నెడుతుంది. అయితే తెలిసి దాచిన మోసానికి అది కవచం కాలేదు.

మౌనం ఎప్పుడు మోసమవుతుంది

కాంట్రాక్టు చట్టంలోని 17వ సెక్షను ప్రకారం ఊరికే మౌనంగా ఉండడం మోసం కాదు. మాట్లాడాల్సిన విధి ఉన్నచోట మౌనం, లేదా మౌనమే మాటతో సమానమైన సందర్భంలో మౌనం మోసమవుతుంది. ఇంటి అమ్మకంలో మాట్లాడే విధిని 55వ సెక్షను కల్పించింది కాబట్టి ఈ రెండు చట్టాలూ ఇక్కడ కలుస్తాయి.

19వ సెక్షనులో ఒక మెలిక ఉంది. మౌనం వల్ల జరిగిన మోసమైతే, మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకునే మార్గం కొనేవారికి ఉండి ఉంటే, ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు వారికి పోతుంది. రిజిస్టరైన దస్తావేజులోని విషయం కొనేవారికి తెలిసినట్టే లెక్కించాలని ఆస్తి బదిలీ చట్టం మూడో సెక్షను అంటుంది. ఇంట్లో వేరొకరు కాపురముంటే, వారికున్న హక్కు కూడా తెలిసినట్టే లెక్క. కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికితే దొరికే సంగతిని వెతకకుండా, తర్వాత ‘నాకు చెప్పలేదు’ అంటే కోర్టులో ఆ వాదన బలహీనపడుతుంది.

ముఖ్యమైన లోపం అంటే

ముఖ్యమైన లోపానికి చట్టంలో నిర్వచనం లేదు. ఇంగ్లండులో 1834 నాటి ఫ్లైట్ వర్సెస్ బూత్ తీర్పు నుంచి వచ్చిన కొలమానం మన దగ్గరా చెల్లుతోంది: ఆ సంగతి ముందే తెలిసి ఉంటే కొనేవారు అసలు కొనేవారే కాదని అనుకోవడానికి తగిన ఆధారం ఉండాలి. గోడ మీద కంటికి కనిపించే పగులు బయటి లోపం. దాన్ని కొనేవారే చూసుకోవాలి. స్లాబు లోపల తుప్పుపట్టిన ఇనుము దాగిన లోపం.

హర్యానా ఫైనాన్షియల్ కార్పొరేషన్ వర్సెస్ రాజేశ్ గుప్తా కేసులో 2009లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని ఒక ప్రభుత్వ సంస్థకే వర్తింపజేసింది. కార్పొరేషన్ వేలంలో అమ్మజూపిన పారిశ్రామిక యూనిట్‌కు సొంత దారి లేదు. ఆ సంగతి పాటదారుకు చెప్పలేదు. దారి లేకపోవడం ముఖ్యమైన లోపమే, దాన్ని వెల్లడించడం 55వ సెక్షను ప్రకారం కార్పొరేషన్ విధి అని కోర్టు తేల్చింది. ఇంటికి దారి ఉందా, ఉంటే అది ఎవరి స్థలం గుండా వెళ్తోంది అన్న ప్రశ్న ఎంత బరువైనదో ఈ తీర్పు గుర్తుచేస్తుంది.

హక్కులోని లొసుగులు: ఉస్మానియా చుట్టుపక్కల

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1917 నాటి నిజాం ఫర్మానాతో రూపుదిద్దుకుని 1918లో మొదలైంది. అడిక్‌మెట్ వైపు విశాలమైన ప్రాంగణంలో కట్టిన ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. చుట్టుపక్కల ఒక్కొక్కటిగా జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, భూభౌతిక పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) వెలిశాయి. లాలాగూడ వైపు రైల్వే ఉద్యోగులు. అధ్యాపకులు, శాస్త్రవేత్తలు, రైల్వే, ప్రభుత్వ ఉద్యోగులు ఇళ్లు కట్టుకున్న కాలనీలతో తార్నాక, హబ్సిగూడ నిండాయి. ఆ తరం ఇళ్లు ఇప్పుడు వారసుల చేతికి వచ్చాయి. చాలావాటిని బిల్డరుకు డెవలప్‌మెంట్‌కు ఇచ్చి అపార్ట్‌మెంట్లు లేపారు. ఈ క్రమంలో హక్కు లొసుగులు నాలుగు దిక్కుల నుంచి వస్తాయి.

మొదటిది వారసత్వం. తండ్రి పేరున ఉన్న ఇంటిని కొడుకులు అమ్ముతుంటే కూతుళ్ల సంతకాలు ఉన్నాయా అన్నది అసలు ప్రశ్న. తండ్రి స్వార్జితమై వీలునామా లేకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఉంటుంది. పిత్రార్జితమైతే, ఆంధ్రప్రదేశ్ 1986లోనే, దేశమంతటికంటే ముందే, 29-ఎ సెక్షనుతో అవివాహితులైన కూతుళ్లకు పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ ఆ హక్కును కూతుళ్లందరికీ విస్తరించింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కట్నం ఇచ్చాం కదా, ఆమెకు ఇంకేం వాటా అన్న మాట కోర్టులో నిలవదు. అమెరికాలో ఉన్న అక్క సంతకం లేని సంగతిని దాచి ఇల్లు అమ్మడం హక్కు లోపాన్ని దాచడమే.

రెండోది ప్రభుత్వ, సంస్థల భూమి. విశ్వవిద్యాలయ భూముల హద్దుల మీద వివాదాలు పాతవే; 2020లో అవి మళ్లీ వార్తల్లోకి ఎక్కాయి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూముల రిజిస్ట్రేషన్‌ను ఆపడానికి రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఎ సెక్షను ఉంది. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2007లో సవరించుకుంది. ఈ నిషేధిత జాబితాలు ఎలా తయారు చేయాలో 2015లో వింజమూరి రాజగోపాలాచారి కేసులో ఉమ్మడి హైకోర్టు పూర్తి ధర్మాసనం మార్గదర్శకాలిచ్చింది. రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన లేని హక్కు పుట్టదు. ప్రాంగణం అంచున స్థలం కొనేవారు ఈ ఒక్క మాట గుండెల్లో పెట్టుకోవాలి.

మూడోది పట్టణ భూ పరిమితి. 1976 నాటి చట్టం కింద మిగులుగా తేలిన స్థలాలు హైదరాబాదులో ఎన్నో ఉన్నాయి. కేంద్రం 1999లో ఆ చట్టాన్ని రద్దు చేసినా, ఆంధ్రప్రదేశ్ ఆ రద్దును 2008లో గానీ స్వీకరించలేదు. అంతకుముందే ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న మిగులు భూమి ప్రభుత్వానిదే. 1976, 2008 మధ్య చేతులు మారిన పెద్ద స్థలాల విషయంలో భూ పరిమితి విచారణ జరిగిందా, ఏం తేలింది అని అడిగి తీరాలి.

నాలుగోది జీపీఏ అమ్మకాలు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంట్, వీలునామా కలిపి ‘అమ్మేసిన’ ఆస్తి మీద హక్కు బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లింక్ డాక్యుమెంట్లలో, అంటే ఆస్తి పాత దస్తావేజుల్లో, ఒక్క జీపీఏ ఉన్నా, దాన్ని ఇచ్చినవారు రిజిస్ట్రేషన్ నాటికి బతికే ఉన్నారా, రద్దు చేశారా అన్నది తేల్చుకోవాలి.

ఈసీ చూపేది, చూపనిది

కొనేవారు మొదట తీసే కాగితం ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. 1998లో ఆంధ్రప్రదేశ్ కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులను కంప్యూటరీకరించింది. ఇప్పుడు తెలంగాణలో 1983 నుంచి నమోదైన లావాదేవీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అంతకుముందువి కావాలంటే ఆఫీసులో మాన్యువల్‌గా వెతికించుకోవాలి. తార్నాక హైదరాబాదు జిల్లాలో, పక్కనే ఉన్న హబ్సిగూడ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉండడం వల్ల, ఆఫీసుల పరిధులు కాలక్రమంలో మారడం వల్ల, ఒకే ఆస్తికి రెండు ఆఫీసుల్లో వెతకాల్సి రావచ్చు.

ఒక్కో వరుసలో ఆస్తి వివరం, హద్దులు, తేదీ, లావాదేవీ స్వభావం, విలువ, డాక్యుమెంట్ నంబరు ఉంటాయి. రాసిచ్చినవారి పేరు పక్కన ఈఎక్స్ అని, రాయించుకున్నవారి పేరు పక్కన సీఎల్ అని గుర్తులుంటాయి. ఒక వరుసలో సీఎల్‌గా ఉన్నవారు తర్వాతి వరుసలో ఈఎక్స్‌గా కనిపించాలి. మధ్యలో కొత్త పేరు ఈఎక్స్‌గా తగిలితే ఆ మనిషికి హక్కు ఎలా వచ్చిందో చెప్పే కాగితం ఎక్కడో ఉండాలి. అది వారసత్వమా, రిజిస్టరు కాని వీలునామానా, కోర్టు డిక్రీనా అని అక్కడే అడగాలి.

ఈసీ చూపించనివి చాలా ఉన్నాయి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, నోటరీ కాగితాలు, నోటి మాటగా జరిగిన పంపకాలు, కోర్టులో నడుస్తున్న దావాలు, ఇంటి పన్ను బాకీలు అందులో కనిపించకపోవచ్చు. ఒరిజినల్ దస్తావేజును బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పుకు ప్రత్యేకంగా దస్తావేజు రాయాల్సిన పని లేదు కాబట్టి అదీ తప్పించుకోవచ్చు. బ్యాంకుల తాకట్ల కోసం 2011లో మొదలైన సెర్సాయ్ కేంద్ర రిజిస్ట్రీని వెతకడం మంచిది. అంతకంటే ముఖ్యం, ఒరిజినల్ కాగితాలను కళ్లారా చూడడం. జిరాక్సులే చూపించి ఒరిజినల్స్ లాకర్లో ఉన్నాయనేవారిని ‘ఏ బ్యాంకు లాకర్లో, తాకట్టు కింద కాదు కదా’ అని సూటిగా అడగాలి. దావా నడుస్తున్న ఆస్తిని కొన్నవారు ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షను ప్రకారం ఆ దావా తీర్పుకు కట్టుబడాలి. తెలియక కొన్నామన్నా ఆ కట్టుబాటు తప్పదు.

నీరు పారే దారి

2020 అక్టోబరులో కుండపోతగా కురిసిన వానలకు హబ్సిగూడ వీధి నంబరు 8, రామంతాపూర్ చెరువుల చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) లోపల కట్టడం నిషేధం. రాష్ట్ర భవన నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకుమించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం హైడ్రా సంస్థను ఏర్పాటు చేశాక చెరువుల్లోని కట్టడాల కూల్చివేతలు నగరమంతా చర్చకు వచ్చాయి. కష్టార్జితం పోసి కొన్న కొందరు, తమ స్థలం చెరువు పరిధిలో ఉందని ఆ రోజే తెలుసుకున్నారు.

ఇల్లు మునుగుతుందన్న సంగతి ముఖ్యమైన లోపం కాదనడం కష్టం. ఎండాకాలంలో ఇల్లు చూసిన కొత్తవారికి అది కనిపించే అవకాశం లేదు. అమ్మేవారికి మాత్రం తెలిసే ఉంటుంది. కాబట్టి ‘గడచిన పదేళ్లలో ఇంట్లోకి గానీ సెల్లారులోకి గానీ వరద నీరు వచ్చిందా’ అన్న ప్రశ్న ప్రతి అగ్రిమెంటులోనూ ఉండాల్సిందే.

అనుమతులు, అతిక్రమణలు

భవనం మంజూరైన ప్లాన్ ప్రకారం ఉందా అన్నది తర్వాతి అంశం. 2012 నాటి భవన నియమాల ప్రకారం అపార్ట్‌మెంట్ల వంటి భవనాలు కట్టేవారు నిర్మిత వైశాల్యంలో 10 శాతాన్ని స్థానిక సంస్థకు పూచీగా రాసివ్వాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చాకే ఆ భాగం విడుదలవుతుంది. అలా పూచీలో పెట్టిన ఫ్లాటు మనకు అమ్మజూపుతున్నదేనా అని కొనేవారు తెలుసుకోవాలి. ప్లాన్‌లో లేని అదనపు అంతస్తు, పెంట్‌హౌస్, పార్కింగ్ జాగాలో కట్టిన గదులు తరచూ ఎదురయ్యే అతిక్రమణలు.

ఇలాంటివాటిని క్రమబద్ధం చేయడానికి 2007లోనూ 2015లోనూ పథకాలు వచ్చాయి. 2015 నాటి భవన క్రమబద్ధీకరణ పథకం (బీఆర్ఎస్) దరఖాస్తులు హైకోర్టు వ్యాజ్యంతో ఏళ్ల తరబడి ఆగిపోయాయి. ‘బీఆర్ఎస్‌కు అప్లై చేశాం’ అన్న మాట, క్రమబద్ధం అయిందన్న మాట ఒకటి కావు. ఫీజు రసీదు చూపించి అనుమతి ఉన్నట్టు నమ్మించడం సత్యాన్ని సగం దాచడమే. 2024 డిసెంబరులో రాజేంద్ర కుమార్ బర్జాత్యా కేసులో సుప్రీంకోర్టు, ఓసీ చూసుకున్నాకే బ్యాంకులు అప్పులివ్వాలని, కరెంటు, నీటి కనెక్షన్లు కూడా ఆ తర్వాతే ఇవ్వాలని ఆదేశించింది. దీంతో ఓసీ లేని ఫ్లాటు విలువలోనే తేడా వస్తుంది. రోడ్డు వెడల్పు ప్రతిపాదనలో ఇంటి ముందు భాగం పోతుందన్న నోటీసు అందుకున్నవారు దాన్ని కూడా చెప్పాలి.

కట్టడంలోని లోపాలు

పై అంతస్తు ఫ్లాట్లలో సీపేజీ, బాత్‌రూము పైపుల లీకేజీ, తుప్పుపట్టిన ఇనుము, వేసవిలో ఎండిపోయే బోరు, తరచూ ఆగే లిఫ్టు, పక్క ఖాళీ స్థలంలో తవ్వకానికి వచ్చిన బీటలు ఈ కోవలోకి వస్తాయి. పాత ఫ్లాటు అమ్మే ముందు రంగు వేయించడం సహజం. చెమ్మ మచ్చల మీద వాటర్‌ప్రూఫ్ పుట్టీ పట్టించి, దాని మీద రంగు వేసి, ‘ఎప్పుడూ నీళ్లు కారలేదు’ అనడం మాత్రం లోపాన్ని చేతులారా కప్పిపెట్టడం. ఇలాంటి చోట కొనేవారి శ్రద్ధ సరిపోలేదన్న వాదన నిలవడం కష్టం. మౌనం కంటే ఇది మరో మెట్టు పైన ఉన్న తప్పు.

కొనేవారు తమవంతుగా వానాకాలంలో ఒకసారి ఇల్లు చూడాలి. కింది, పై ఫ్లాట్లవారితో మాట్లాడాలి. ఫ్లాట్ ఓనర్ల అసోసియేషన్ పుస్తకాలు అడిగి గడచిన రెండు మూడేళ్లలో ఏ రిపేర్లకు చందాలు వేసుకున్నారో చూడాలి. లిఫ్టు, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ ఖర్చులు అక్కడే బయటపడతాయి.

బాకీలు, అద్దెదారులు

మున్సిపల్ పన్ను బాకీల మీద సుప్రీంకోర్టు 1971లో అహ్మదాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ వర్సెస్ హాజీ అబ్దుల్ గఫూర్ కేసులో కొనేవారికి కొంత ఊరటనిచ్చింది. బాకీ సంగతి తెలియకుండా కొన్నవారి ఆస్తి మీద ఆ భారం మోపకూడదని చెప్పింది. కరెంటు బాకీల విషయం వేరు. 2023లో కె.సి. నైనన్ కేసులో, పాత యజమాని బాకీ కడితేనే కొత్త కనెక్షన్ ఇస్తామని సరఫరా సంస్థలు నియమం పెట్టుకోవచ్చని కోర్టు అంగీకరించింది. పన్ను రసీదులు, నల్లా బిల్లు, కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ నో డ్యూస్ చూడకుండా మిగతా డబ్బు ఇవ్వకూడదు.

క్యాంపస్ పక్కన విద్యార్థులకు, పరీక్షల కోచింగ్ అభ్యర్థులకు అద్దెకిచ్చిన ఫ్లాట్లు, హాస్టళ్లుగా నడిచే ఇళ్లు ఎక్కువ. ఇంట్లో ఎవరున్నారో, ఏ ఒప్పందం మీద ఉన్నారో, అడ్వాన్సు ఎంత తీసుకున్నారో, ఎప్పుడు ఖాళీ చేస్తారో అమ్మేవారు చెప్పాలి. అద్దెదారుతో నేరుగా మాట్లాడడం కొనేవారి కనీస జాగ్రత్త.

బిల్డర్ల మీద అదనపు విధులు

కొత్త ప్రాజెక్టులు అమ్మే బిల్డర్లకు రెరా చాలా కచ్చితమైన వెల్లడి నియమాలు పెట్టింది. ప్రాజెక్టు రిజిస్టరు చేసేటప్పుడు భూమి హక్కు, తాకట్లు, అనుమతులు, లేఅవుట్, ఫ్లాట్ల సంఖ్య అన్నీ వెబ్‌సైటులో పెట్టాలి. కొనేవారి నుంచి తీసుకున్న సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ప్రకటనలోని అబద్ధం నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి పరిహారం చెల్లించాలి. స్వాధీనం చేసిన ఐదేళ్లలో బయటపడిన నిర్మాణ లోపాన్ని చెప్పిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. హక్కు లోపం వల్ల కలిగిన నష్టానికి పరిహారం కోరడానికి కాలపరిమితి అడ్డు రాదు. తెలంగాణ ఈ చట్టం కింద నియమాలను 2017లో తెచ్చింది.

ఇక్కడ తార్నాక లాంటి పాత కాలనీలకు ఒక పెద్ద కంత ఉంది. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలోని ప్రాజెక్టులకు, ఎనిమిది ఫ్లాట్లకు మించనివాటికి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 598 గజాలు. పాత ఇండిపెండెంట్ ఇంటిని కూల్చి 300, 400 గజాల్లో లేపే అపార్ట్‌మెంట్లు ఈ మినహాయింపులో పడిపోతాయి. అక్కడ కొనేవారు మళ్లీ 55వ సెక్షను దగ్గరికే వస్తారు. పాత ఫ్లాటు అమ్ముకునే వ్యక్తికి రెరా బిల్డరు విధులు వర్తించవు.

ఇతర దేశాల్లో

ఇంగ్లండులో చాలాకాలం కొనేవారే చూసుకోవాలన్న సూత్రం గట్టిగా నడిచింది. ఇప్పుడక్కడ అమ్మేవారు లా సొసైటీ రూపొందించిన టీఏ6 ఫారం నింపి, హద్దులు, వివాదాలు, వరదలు, అనుమతుల మీద జవాబులు ఇవ్వడం ఆనవాయితీ. కాలిఫోర్నియాలో 1984 నాటి ఈస్టన్ వర్సెస్ స్ట్రాస్‌బర్గర్ తీర్పు ఒక మలుపు: జారిపోయే నేల మీద కట్టిన ఇంటి సంగతిని ఏజెంటు కూడా పరిశీలించి చెప్పాల్సిందన్న తీర్పు అది. ఆ తర్వాత అక్కడ అమ్మేవారికి లిఖిత వెల్లడి ఫారం చట్టబద్ధమైంది. 1978కి ముందు కట్టిన ఇళ్లలో సీసం రంగు గురించి తెలిసినది చెప్పాలని అమెరికా కేంద్ర చట్టం ఆదేశిస్తుంది. కాలిఫోర్నియాలో ఇల్లు కొనే తెలుగువారు పేజీల కొద్దీ వెల్లడి ఫారాలు చదివి సంతకం పెడతారు. అదే మనిషి తార్నాకలో ఫ్లాటు కొంటే చేతికి వచ్చేది ఈసీ, లింక్ డాక్యుమెంట్ల జిరాక్సులు, మాటల హామీలు మాత్రమే.

నష్టపోతే దారులు

రిజిస్ట్రేషన్‌కు ముందే లోపం బయటపడితే కొనేవారు అగ్రిమెంటు రద్దు చేసుకుని బయానా వెనక్కి కోరవచ్చు. ఆ సొమ్ముకు, వడ్డీకి అమ్మేవారి ఆస్తి మీదే హక్కు ఏర్పడుతుందని 55వ సెక్షనులోని ఆరో భాగం చెబుతుంది. కొనడానికే ఇష్టపడి నిర్దిష్ట అమలు దావా వేసినా, బయానా తిరిగివ్వాలన్న కోరికను ప్రత్యామ్నాయంగా దావాలో రాయాలి. రాయకపోతే కోర్టు దాన్ని ఇవ్వకూడదని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 22వ సెక్షను అంటుంది.

రిజిస్ట్రేషన్ తర్వాత మోసం తెలిస్తే దస్తావేజు రద్దు, నష్టపరిహారం కోరవచ్చు. గడువు మామూలుగా మూడేళ్లు. మోసం దాగి ఉంటే, అది తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. బిల్డరు సేవలో లోపం మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. హైదరాబాదు సంస్థ నార్నె కన్‌స్ట్రక్షన్స్ కేసులో 2012లో సుప్రీంకోర్టు, లేఅవుట్ వేసి సౌకర్యాలు కల్పిస్తామని ప్లాట్లు అమ్మడమూ సేవేనని చెప్పింది. ఒక వ్యక్తి తన పాత ఇంటిని మరొకరికి అమ్మడం మాత్రం సేవ కాదు కాబట్టి, ఆ తగాదాకు సివిల్ కోర్టే దిక్కు. దురుద్దేశంతో నిజాన్ని దాచడం కూడా వంచనేనని భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను అంటుంది కాబట్టి క్రిమినల్ కేసుకూ వీలుంది.

అగ్రిమెంటుకు ముందే రాతలో ప్రశ్నలు

మన దస్తావేజుల్లో డాక్యుమెంట్ రైటర్లు తప్పకుండా రాసే ఒక వాక్యం ఉంటుంది: ఆస్తి మీద ఏ అప్పులు, తాకట్లు, జప్తులు, వారసుల తగాదాలు లేవని, వస్తే అమ్మినవారే సొంత ఖర్చులతో తీరుస్తారని. అది అవసరమే. అయితే అది రిజిస్ట్రేషన్ రోజున, డబ్బంతా చేతులు మారాక వచ్చే హామీ. నిజం తెలియాల్సింది బయానా ఇచ్చే ముందు. అందుకు అమ్మేవారి సంతకంతో ఒకటి రెండు పేజీల వెల్లడి పత్రం తీసుకుని, దాన్ని అగ్రిమెంటుకు జతచేయడమే మార్గం. అందులో కనీసం ఈ ప్రశ్నలుండాలి:

- చట్టబద్ధ వారసులెవరు? అందరూ సంతకాలు పెడుతున్నారా?
- ఏ కోర్టులోనైనా దావా, స్టే, జప్తు ఉందా? ప్రభుత్వం, విశ్వవిద్యాలయం, దేవాదాయ, వక్ఫ్ బోర్డుల నుంచి నోటీసు వచ్చిందా?
- ఒరిజినల్ పత్రాలు ఎవరి దగ్గరున్నాయి? ఏదైనా అప్పుకు పూచీగా ఉన్నాయా?
- మంజూరు ప్లాన్, ఓసీ ఉన్నాయా? అతిక్రమణలు ఏమిటి?
- వరద, సీపేజీ, పగుళ్లు, బోరు, లిఫ్టు సమస్యలు ఎప్పుడు వచ్చాయి? ఏం రిపేరు చేయించారు?
- ఎవరు కాపురముంటున్నారు? పన్ను, కరెంటు, నీటి, మెయింటెనెన్స్ బాకీలు ఎంత?

‘తెలియదు’ అన్న జవాబు కూడా రాతలోకి రావాలి. నిజాయితీగా అమ్మేవారికి ఈ పత్రం మేలే చేస్తుంది. చెప్పిన లోపానికి తర్వాత తగాదా రాదు, ధర మీద బేరం అప్పుడే తేలిపోతుంది. ఇలాంటి ఫారాన్ని తెలుగులో తయారుచేసి, పాత ఇళ్ల రిజిస్ట్రేషన్‌కు జతచేయాల్సిన పత్రంగా తెలుగు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖలు తప్పనిసరి చేయాలి. 1882 చట్టం అమ్మేవారి మీద పెట్టిన విధికి ఇన్నేళ్లుగా లేనిది ఒక్క కాగితం. జీవితకాలపు పొదుపుతో, ఇరవయ్యేళ్ల బ్యాంకు అప్పుతో ఇల్లు కొనే కుటుంబానికి ఆ కాగితాన్ని హక్కుగా ఇవ్వడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. అది వచ్చేవరకు ఆ ప్రశ్నలను కొనేవారే రాసుకుని, జవాబుల కింద సంతకం చేయించుకోవాలి.